ఎనిమిదేళ్లకు జరిగిన బారసాల: ‘బర్త్ ఆఫ్ ద కూల్’ను ఆల్బమ్ అనవచ్చునా?

సీతమ్మధార శ్రోత

మిత్రులందరికీ నమస్కారం. అమెరికా జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ పేరుతో కాపిటల్ రికార్డు సంస్థ 1957లో విడుదల చేసిన ‘బర్త్ ఆఫ్ ద కూల్’ను నేను ఇరవై ఏళ్లుగా వింటున్నాను గానీ, దాని అట్ట వెనుక ఉన్న తేదీలను శ్రద్ధగా చదివినది మాత్రం మొన్ననే. అందులోని సంగీతమంతా మూడు రోజులలో రికార్డయినది. 1949 జనవరి 21న నాలుగు పాటలు, అదే సంవత్సరం ఏప్రిల్ 22న నాలుగు, 1950 మార్చి 9న మరో నాలుగు, వెరసి పన్నెండు. మూడు సెషన్లూ న్యూయార్కులోని డబ్ల్యూఓఆర్ స్టూడియోలోనే జరిగాయి. మొదటి సెషను నాటికి డేవిస్ వయసు 22 ఏళ్లు. ఎల్పీ (లాంగ్ ప్లే రికార్డు) వెలువడే నాటికి ఆయన వేరే కంపెనీలో, వేరే బృందంతో, వేరే కీర్తితో ఉన్నాడు.

అంటే బిడ్డ పుట్టిన ఎనిమిదేళ్లకు బారసాల చేసి, ఆ పేరులోనే ‘పుట్టుక’ అన్న మాటను చేర్చారన్నమాట. అయినా జాజ్ చరిత్ర గురించి రాసేవారిలో చాలామంది ‘1949లో ఈ ఆల్బమ్ వచ్చి అంతా మార్చివేసింది’ అన్న ధోరణిలో మాట్లాడుతుంటారు. ఆ ఏడాది అలాంటి ఆల్బమ్ ఏదీ లేదు. నా సందేహం ఇది: మూడు వేర్వేరు రోజుల పనిని తరువాత ఎవరో ఒక వరుసలో పేర్చి ఒక పేరు పెడితే, దానిని కళాకారుడి ఒకే రచనగా వినడం సమంజసమేనా, లేక మనం వింటున్నది ఆ పేర్పునా?

పాత ప్లేట్లు

మంచి ప్రశ్న వేశారండీ. నేను ప్లేట్లు సేకరించేవాడిని కనుక, ఈ సంగీతం శ్రోతలకు చేరిన క్రమం నుంచి మొదలుపెడతాను.

1949లో దుకాణంలో దొరికినవి 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) ప్లేట్లు మాత్రమే. ఒకవైపు ‘మూవ్’, రెండవవైపు ‘బూడో’ ఉన్న ప్లేటు ముందు వచ్చింది. తరువాత ‘జెరు’, ‘గాడ్‌చైల్డ్’ జంటగానూ, ‘బాప్లిసిటీ’, ‘ఇజ్రాయెల్’ మరో జంటగానూ వచ్చాయి. 1950 సెషను తరువాత ‘వీనస్ డి మైలో’కు వెనుకవైపు ‘డార్న్ దట్ డ్రీమ్’ చేరింది. ఇక మిగిలినవి డబ్బాలోనే ఉండిపోయాయి. 1954లో, సెషన్లను పర్యవేక్షించిన పీట్ రుగొలో పట్టుబట్టిన మీదట, కాపిటల్ వారు ఎనిమిదింటిని కలిపి ‘క్లాసిక్స్ ఇన్ జాజ్’ వరుసలో పది అంగుళాల ఎల్పీగా తెచ్చారు. 1957 నాటి పన్నెండు అంగుళాల ఎల్పీలో పదకొండు చేరాయి. పన్నెండవది, కెన్నీ హగూడ్ పాడిన ‘డార్న్ దట్ డ్రీమ్’, 1972 నాటి ఎల్పీ వరకు మిగతావాటి సరసకు రాలేదు.

కనుక అమెరికాలోని ఒక యువ సంగీతకారుడు 1949లో ఈ సంగీతం విని ప్రభావితుడైతే, అతడు విన్నది ఏ రెండు మూడు ప్లేట్లో అయి ఉంటుంది. ప్లేటుకొక వైపున మూడు నిమిషాలు, అంతే. రంగస్థలం మీద పావుగంట సాగే రాగాలాపనను మన నాటక పద్యగాయకులు గ్రామఫోను కోసం కుదించి పాడినట్లే, వీరు కూడా ఆ మూడు నిమిషాల చట్రాన్ని ముందే లెక్కలోకి తీసుకుని కూర్చారు. పన్నెండింటిలో ఏదీ మూడున్నర నిమిషాలు దాటదు. వీటిని ఒకదాని తరువాత ఒకటిగా వినాలని ఆ స్టూడియోలో ఎవరూ అనుకొని ఉండరు. నా మటుకు ఇది సంకలనమే, ఆల్బమ్ కాదు.

ఎడిసన్ నుంచి

పాత ప్లేట్లు గారు చెప్పిన విడుదల క్రమాన్ని నేను కాదనను. కానీ విడుదల విడివిడిగా జరిగినంత మాత్రాన ఆలోచన విడివిడిగా జరిగిందని తీర్మానించడం తొందరపాటు.

ఈ తొమ్మిది వాద్యాల కూర్పు స్టూడియో తలుపు దగ్గర పుట్టినది కాదు. న్యూయార్కు 55వ వీధిలో ఒక చైనీయుల లాండ్రీ వెనుక, నేలమాళిగలో, గిల్ ఎవాన్స్ గది ఉండేది. జెర్రీ మల్లిగన్, జాన్ లూయిస్, జాన్ కరిసి, డేవిస్ వంటివారు వేళాపాళా లేకుండా అక్కడికి వచ్చి కూర్చునేవారు. ఎవాన్స్ అప్పటికే క్లాడ్ థార్న్‌హిల్ ఆర్కెస్ట్రాకు అరేంజ్‌మెంట్లు (ఏ వాద్యం ఎప్పుడు ఏమి వాయించాలో చెప్పే రాతలు) రాస్తున్నాడు. ఆ ఆర్కెస్ట్రాలో ఫ్రెంచ్ హార్న్‌లు, ట్యూబా ఉండేవి, ఊదే స్వరంలో కంపనం తక్కువగా ఉండేది. మబ్బు కదిలినట్లుండే ఆ ధ్వనిని ఎంత తక్కువమందితో సాధించవచ్చు అన్నదే ఆ గదిలో నలిగిన ప్రశ్న. జవాబు తొమ్మిదిగా తేలింది: ట్రంపెట్, ట్రాంబోన్, ఫ్రెంచ్ హార్న్, ట్యూబా, ఆల్టో శాక్సొఫోన్, బారిటోన్ శాక్సొఫోన్, పియానో, బేసు, డ్రమ్స్. ఊదే వాద్యాలు ఆరింటినీ ఒక హెచ్చు, ఒక తగ్గు చొప్పున మూడు జంటలుగా చూడండి. ట్రంపెట్‌కు ఆల్టో, ట్రాంబోన్‌కు ఫ్రెంచ్ హార్న్, బారిటోన్‌కు ట్యూబా తోడు.

ఇది అనుకోకుండా కుదిరిన మేళం కాదు. 1948 సెప్టెంబరులో ఈ బృందం బ్రాడ్‌వేలోని రాయల్ రూస్ట్ క్లబ్బులో కౌంట్ బేసీ ఆర్కెస్ట్రాకు విరామ సమయాలలో వాయించింది. కాపిటల్ తరఫున రుగొలో విన్నది అక్కడే. వెంటనే రికార్డు చేయకపోవడానికి కూడా ఒక కారణముంది. రికార్డు కంపెనీలతో వచ్చిన వివాదం వల్ల అమెరికా సంగీతకారుల సంఘం 1948 సంవత్సరమంతా, డిసెంబరు నడుమ వరకు, రికార్డింగులను నిషేధించింది. నిషేధం తొలగిన నెల పైచిలుకులోనే మొదటి సెషను జరిగింది. అంటే వారు స్టూడియోకు వచ్చేసరికి ఆలోచన పండే ఉంది. మూడు తేదీలు కనబడుతున్నా, విత్తు ఒక్కటే.

మరొక స్వవిషయం. మా అమ్మాయి ఇక్కడి బడి బ్యాండులో ఫ్రెంచ్ హార్న్ ఊదుతుంది. ఆ వాద్యంలో స్వరం ఎంత సులభంగా జారిపోతుందో ఇంట్లో రోజూ వింటున్నవాడిని కనుక, ‘మూవ్’ వంటి వేగవంతమైన దానిలో జూనియర్ కాలిన్స్ మిగతావారితో పాటు నిలబడడం నాకు చిన్న విషయంగా అనిపించదు.

మృదంగం మూల

ఇక్కడ అందరూ భక్తులే కనబడుతున్నారు కనుక, విముఖుడిగా నేనొకడిని ఉండడం మంచిది. నాకు ఈ రికార్డు మీద గౌరవం ఉంది గానీ ప్రీతి లేదు. జాజ్‌లో నేను వెతికేది సోలో, అంటే అప్పటికప్పుడు మనోధర్మంతో పుట్టేది. ఇక్కడ ఒక్కొక్కరికి దొరికేది పదహారు ఆవృత్తాలో, మహా అయితే ముప్పై రెండో. ఆల్టో వాయించే లీ కోనిట్జ్ ఒక వాక్యం మొదలుపెట్టి దాన్ని తిప్పబోయేలోగా అరేంజ్‌మెంట్ వచ్చి మీద పడుతుంది. కృతి చక్కగా పాడి, కల్పనస్వరాలు రెండు ఆవర్తాలలో తేల్చేసి మంగళం పాడిన కచేరీ లాగా ఉంటుంది.

పైగా, ఇది ఒక బృందమని ఎడిసన్ వారు అంటున్నారు. లెక్క చూడండి. ఫ్రెంచ్ హార్న్ ముగ్గురు వాయించారు: కాలిన్స్, శాండీ సీగల్‌స్టీన్, గుంథర్ షుల్లర్. బేసు మీదా ముగ్గురే: జో షుల్మన్, నెల్సన్ బాయిడ్, అల్ మెకిబ్బన్. ట్రాంబోన్‌కు కై వైండింగ్, తరువాత జె.జె. జాన్సన్. పియానోకు మొదట అల్ హేగ్, తరువాత జాన్ లూయిస్. డ్రమ్స్‌కు మాక్స్ రోచ్, నడుమ ఒక రోజు కెన్నీ క్లార్క్. తొమ్మిది కుర్చీలలో పదహారు మంది కూర్చున్నారు. మూడు రోజులూ ఉన్నవారు డేవిస్, కోనిట్జ్, మల్లిగన్, ట్యూబా వాద్యకారుడు బిల్ బార్బర్, ఈ నలుగురే. ఇది బృందమా, సత్రమా?

సీతమ్మధార శ్రోత

సత్రమన్న మాటకు నవ్వుకున్నాను గానీ, మీ లెక్క నుంచి నాకు తట్టినది మీ వాదానికి ఎదురు తిరిగేదే. మనుషులు ఇంతగా మారినా ధ్వని మారలేదంటే, ఆ ధ్వని వాయించేవారి వేళ్లలో కాక, రాసిన కాగితాలలో ఉందన్నమాట. సాధారణంగా జాజ్‌లో డ్రమ్మర్ మారితే మొత్తం నడకే మారిపోతుంది. ఇక్కడ ఎల్పీలో ‘జెరు’ పక్కన ‘మూన్ డ్రీమ్స్’ను పెట్టారు. ఆ రెండింటి మధ్య పదమూడు నెలలకు పైగా ఎడముంది. ట్రాంబోన్, ఫ్రెంచ్ హార్న్, పియానో, బేసు నాలుగూ చేతులు మారాయి, రోచ్ మాత్రం మిగిలాడు. ఆ వెంటనే వచ్చే ‘వీనస్ డి మైలో’లో రోచ్ స్థానంలో క్లార్క్, షుల్లర్ స్థానంలో సీగల్‌స్టీన్, మెకిబ్బన్ స్థానంలో బాయిడ్ ఉన్నారు. ఇరవై ఏళ్లు విన్నా ఈ అతుకులు నా చెవికి తగలలేదు. ఇది నా చెవి మందమే కావచ్చును, కాకపోతే కూర్పు గట్టిదనం కావచ్చును.

పాత ప్లేట్లు

అయితే ఆ కాగితాలు రాసినవారి పేర్లు అట్ట మీద పెద్ద అక్షరాలలో ఎందుకు లేవని అడగవలసి వస్తుంది. ‘జెరు’, ‘వీనస్ డి మైలో’, ‘రాకర్’ మల్లిగన్ స్వరపరచినవి. జెరు అన్నది ఆయన ముద్దుపేరే. జార్జ్ వాలింగ్టన్ రచన ‘గాడ్‌చైల్డ్’కు అరేంజ్‌మెంట్ కూడా మల్లిగన్‌దే. డెంజిల్ బెస్ట్ స్వరపరచిన ‘మూవ్’ను, తన సొంత రచన ‘రూజ్’ను లూయిస్ కూర్చాడు. ‘ఇజ్రాయెల్’ పూర్తిగా కరిసిది. మైనర్ స్థాయిలో పన్నెండు ఆవృత్తాల బ్లూస్‌ను ఇంత గంభీరంగా కూర్చినది ఆ రోజులలో మరొకటి నాకు కనబడదు. ‘బాప్లిసిటీ’, ‘మూన్ డ్రీమ్స్’ రెండూ ఎవాన్స్ చేతి పని. ఈ ‘బాప్లిసిటీ’కి స్వరకర్తగా అచ్చయిన క్లియో హెన్రీ అన్నది డేవిస్ తల్లిగారి పేరు.

రాయల్ రూస్ట్ క్లబ్బు వాకిట అరేంజర్ల పేర్లు రాసిన బోర్డు పెట్టించింది స్వయంగా డేవిసే. అటువంటి బోర్డు ఆ రోజులలో ఏ క్లబ్బు ముందూ ఉండేది కాదు. అంత న్యాయంగా ప్రవర్తించిన మనిషి సంగీతాన్ని, ఎనిమిదేళ్ల తరువాత కంపెనీ ఆయన ఒక్కడి ముఖం వేసి అమ్మింది. 1957లో డేవిస్ కొలంబియాలో ఉన్నాడు, పేరు మోగుతోంది. కాపిటల్ వారి డబ్బాలో ఆయన పాత టేపులున్నాయి. ఆ సమయంలో ఈ సంకలనం రావడాన్ని నేను వ్యాపార దృష్టితో తప్ప మరోలా చూడలేను.

ఎడిసన్ నుంచి

వ్యాపారం కాదని నేనూ అనను. కానీ అదే 1957లో డేవిస్, ఎవాన్స్ కలిసి కొలంబియాకు ‘మైల్స్ అహెడ్’ రికార్డు చేశారు. అందులోనూ ఫ్రెంచ్ హార్న్‌లున్నాయి, ట్యూబా ఉంది, ఆ ట్యూబా ఊదినది మళ్లీ బిల్ బార్బరే, ఆల్టో మీద మళ్లీ కోనిట్జే. ఈ మధ్యలో మల్లిగన్ లాస్ ఏంజెలెస్ వెళ్లి 1952లో ఛెట్ బేకర్‌తో పియానో లేని నలుగురి బృందం పెట్టాడు. లూయిస్ మోడర్న్ జాజ్ క్వార్టెట్‌ను నడుపుతున్నాడు. షుల్లర్ జాజ్‌నూ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్నీ కలిపే ధోరణికి ‘థర్డ్ స్ట్రీమ్’ అని పేరు పెట్టినది కూడా 1957లోనే. 1949లో ప్లేట్లు కొన్నవారికి అవి విడి పాటలు. 1957లో ఎల్పీ కొన్నవారికి ఈ శాఖలన్నీ కళ్ల ముందే కనబడుతున్నాయి కనుక, వేరు ఏదో తెలిసింది. అట్ట మీది ‘పుట్టుక’ అన్న మాట అమ్మకం కోసం రాసినదే అయినా, అబద్ధం మాత్రం కాదు.

పాత ప్లేట్లు

సంకలనాలలోనూ రకాలున్నాయి. పోలిక కోసం డేవిస్‌వే మరో రికార్డింగులను చూద్దాము. 1956 మే 11న, అక్టోబరు 26న, న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌లో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో, శాక్సొఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ ఉన్న ఐదుగురి బృందం ప్రెస్టీజ్ సంస్థతో ఒప్పందం తీర్చుకోవడానికి రెండు రోజులలో కుప్పలుగా వాయించి వెళ్లింది. కంపెనీ వారు ఆ రాశి నుంచి ‘కుకిన్’, ‘రిలాక్సిన్’, ‘వర్కిన్’, ‘స్టీమిన్’ అని నాలుగు ఎల్పీలు 1961 వరకు నిదానంగా వదులుతూ పోయారు. అక్కడ మనుషులు వారే, వాయింపు క్లబ్బులో లాగే సాగింది, కాబట్టి ఎక్కడ కోసినా ముక్క నిండుగానే ఉంటుంది. అది పనసపండు కోత. ఇక్కడ జరిగినది విడిగా చేసిన పన్నెండు నగలను ఒక పెట్టెలో అమర్చడం. కనుక ఈ సంకలనంలో పేర్పుకు బరువెక్కువ.

మృదంగం మూల

నగల పెట్టె పోలిక బాగుంది గానీ, పన్నెండవ నగను పెట్టెలోకి రానివ్వలేదు కదా. ‘డార్న్ దట్ డ్రీమ్’ను తీసివేసినది ఎల్పీలో చోటు చాలకనా? పదకొండూ కలిపి ముప్పై రెండు నిమిషాల ప్రాంతంలో ముగుస్తాయి, మరో మూడు నిమిషాలు పన్నెండు అంగుళాల ఎల్పీకి బరువు కాదు. గాత్రం ఉంటే ‘కూల్’ (నెమ్మది, నిబ్బరం) అన్న బొమ్మ చెదురుతుందని తీసేశారని నా ఊహ. కానీ క్లబ్బులో ఆ బృందం హగూడ్‌తో పాడించేది. నాట్యానికీ ప్రేమికులకూ కావలసిన మామూలు పాట కూడా వారి సంగీతంలో భాగమే. అది లేకుండా వింటే వీరంతా నేలమాళిగ మునులని పొరబడతాము.

సీతమ్మధార శ్రోత

ఈ చర్చ చదివాక, గత ఆదివారం ఎల్పీ వరుసను పక్కనపెట్టి, పన్నెండింటినీ తేదీల క్రమంలో విన్నాను. రాసి పెట్టుకున్నవి కొన్ని పంచుకుంటాను.

జనవరి నాలుగింటిలో బీబాప్ (1940ల నాటి వేగవంతమైన జాజ్ శైలి) వేడి ఇంకా చల్లారలేదు. ‘మూవ్’లో రోచ్ ఒక్కొక్క విరామాన్నీ తాళంతో నింపుతాడు. ‘జెరు’లో నాలుగు మాత్రల నడక మధ్య మూడు మాత్రల ఆవృత్తాలు అకస్మాత్తుగా వచ్చిపడి, కాలితో తాళం వేస్తున్నవారిని తికమకపెడతాయి. ‘గాడ్‌చైల్డ్’ మొదట్లో ట్యూబా, బారిటోన్ కలిసి అడుగు నుంచి రాగాన్ని పైకి మోసుకొస్తాయి. అంతవరకు జాజ్‌లో ట్యూబా అంటే అడుగున ‘ధుం, ధుం’ అనేది మాత్రమే అనుకున్నవారికి అది ఎలా వినిపించిందో ఊహించండి.

ఏప్రిల్ నాలుగింటిలో ఊపిరి కుదుటపడింది. ‘బాప్లిసిటీ’లో తొందర లేదు, మెరుపు లేదు. డేవిస్ సోలో మొదలైనప్పుడు అరేంజ్‌మెంట్ ముగిసిందని తెలియదు, అది మళ్లీ వచ్చినప్పుడు సోలో ముగిసిందని తెలియదు. మృదంగం మూల గారు కోరుకునే మనోధర్మం ఇక్కడ లేదని కాదు, దాని అంచులను రాతలో కలిపేశారు. కృతిలో సంగతులు పెరుగుతున్నట్లుగా విన్నప్పుడు నాకు ఆ కొరత కనబడలేదు.

1950 మార్చి వాటిలో మాత్రం రెండు దారులు స్పష్టంగా విడిపోయాయి. ఒకవైపు జార్జ్ షీరింగ్ రచన ‘కన్సెప్షన్’ను డేవిస్ తిరగరాసిన ‘డిసెప్షన్’, చలాకీగా నడిచే ‘రాకర్’. మరొకవైపు ‘మూన్ డ్రీమ్స్’. ఎల్పీ వరుసలో ఇది మూడవదిగా వస్తుంది కనుక, వేగంగా సాగే రెండింటి తరువాత విశ్రాంతి కోసం పెట్టిన మెల్లని పాటలా ఇన్నాళ్లూ విన్నాను. తేదీల క్రమంలో చివరి సెషనులో వింటే అది విశ్రాంతి కాదు. సగం దాటాక పాట రాగం కరిగిపోతుంది, తాళం ఉన్నదీ లేనిదీ తెలియదు, పైన ఒక స్వరం నిలిచి ఉండగా కింద మిగతా వాద్యాలు అర్ధస్వరం చొప్పున జారుతుంటాయి. నా ప్రశ్నకు నా మట్టుకు నాకు దొరికిన జవాబు ఇంతే: ఎల్పీ వరుస చెడ్డది కాదు, కానీ అది ఈ ఒక్క పాటను దాచివేసింది.

మృదంగం మూల

అలా విన్న తరువాత ‘మూన్ డ్రీమ్స్’ విషయంలో నేను ఒక మెట్టు దిగుతున్నాను, మిగతావాటి విషయంలో దిగను. మీరు 1998లో వచ్చిన ‘ద కంప్లీట్ బర్త్ ఆఫ్ ద కూల్’ సీడీలోని రాయల్ రూస్ట్ రికార్డింగులను కూడా వినండి. 1948 సెప్టెంబరులో రేడియోలో ప్రసారమైనవి. శబ్దం మసకగా ఉంటుంది, తప్పులు కూడా దొర్లుతాయి. కానీ ‘గాడ్‌చైల్డ్’ అక్కడ దాదాపు రెట్టింపు నిడివి ఉంది. మూడు నిమిషాల గడియారం లేనప్పుడు ఆ మనుషులు ఎలా వాయించేవారో తెలుస్తుంది. నాకు నచ్చిన ‘కూల్’ అదీ.

పాత ప్లేట్లు

ఆ ప్రసారాలు 1957 ఎల్పీలో లేవు కనుక నా వాదానికి బలమే చేకూరింది: ఏది చేర్చాలో, ఏది వదలాలో తేల్చిన ప్రతిసారీ వేరే రికార్డు పుడుతోంది. నా దగ్గర ‘బాప్లిసిటీ’, ‘ఇజ్రాయెల్’ ఉన్న ప్లేటు ఒకటుంది, అంచు కొద్దిగా విరిగింది. ఒకవైపు ఎవాన్స్ నెమ్మది, తిప్పితే కరిసి బిగువు. ఆ ప్లేటును తిప్పడానికి లేచే అర నిమిషం నిశ్శబ్దం ఏ ఎల్పీలోనూ లేదు.

ఎడిసన్ నుంచి

సీతమ్మధార వారు రాసినది చదివి నిన్న రాత్రి ‘మూన్ డ్రీమ్స్’ రెండవ సగం మా అమ్మాయికి వినిపించాను. ఫ్రెంచ్ హార్న్ ఎక్కడ ఉందో పట్టుకోమన్నాను. రెండుసార్లు విని, ట్రాంబోన్‌నూ హార్న్‌నూ విడదీయలేకపోతున్నానని చెప్పింది. మూడవసారి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విని, ‘నాన్నా, ఈయన ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో దొరకడం లేదు’ అంది. ఆ సెషనులో హార్న్ ఊదినది షుల్లర్ అనీ, అప్పట్లో ఆయన మెట్రొపాలిటన్ ఒపేరా ఆర్కెస్ట్రాలో ఉద్యోగి అనీ చెప్పాను. ఈ ఉదయం బడికి వెళ్లే ముందు మళ్లీ అదే పెట్టమంది.